ద్విధ్రువ రుగ్మతకు అనుబంధ చికిత్సగా శోథహర ఔషధాలు: విశాఖ నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
ద్విధ్రువ రుగ్మత చికిత్సలో శోథహర ఔషధాలను అదనంగా చేర్చడంపై జరిగిన ప్రధాన పరిశోధనలను పరిచయం చేయడం, లిథియం వాడుతున్నవారు అవే ఔషధాలను నొప్పి మాత్రలుగా సొంతంగా వేసుకుంటే కలిగే ప్రమాదాన్ని విశాఖపట్నం శ్రామికజీవన నేపథ్యంలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ద్విధ్రువ రుగ్మత, శోథ, లిథియం, నొప్పి మాత్రలు, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:
ఉన్మాదం, కుంగుబాటు అనే రెండు ధ్రువాల మధ్య మనఃస్థితి మారుతుండడం ద్విధ్రువ రుగ్మత లక్షణం. ఉన్మాదంపై లిథియం ప్రభావాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. నేటికీ అది ప్రధాన ఔషధాలలో ఒకటి. అయితే కుంగుబాటు దశ చాలామందిలో మందులకు పూర్తిగా లొంగదు. అనుబంధ చికిత్సల అన్వేషణకు ఇదే మూలం.

2. శోథ - పదం, భావం:
శోథ అనగానే వ్యవహారంలో స్ఫురించేది వాపు. ఇక్కడ ఉద్దేశించింది కంటికి కనిపించే వాపు కాదు. రక్తంలో సైటోకైన్లు, సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటి పదార్థాలు సాధారణస్థాయిని మించి ఉండడం. కొందరు ద్విధ్రువ రోగులలో, ముఖ్యంగా రోగం ఉద్ధృతమైన దశలలో, ఈ స్థితిని పరిశోధకులు గుర్తించారు. ఇది రోగానికి కారణమో, పర్యవసానమో ఇంకా తేలలేదు.

3. పరిశోధనల ఫలితాలు:
తొలినాళ్ల చిన్న అధ్యయనాలు ఆశ కలిగించాయి. తరువాతి ఫలితాలు అంత అనుకూలంగా లేవు. పాకిస్తాన్‌లో 266 మంది రోగులపై మినోసైక్లిన్, సెలికాక్సిబ్‌లను పరీక్షించిన అధ్యయనం 2020లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర కంటే ఇవి మెరుగని అందులో రుజువు కాలేదు. 60 మందిపై ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను పరీక్షించిన 2019 నాటి అధ్యయనంలోనూ మొత్తంమీద ప్రయోజనం కనిపించలేదు. కానీ బాల్యంలో శారీరకహింసకు గురైనవారిలో మాత్రం కుంగుబాటు తగ్గింది. కాబట్టి "ఈ మందు పనిచేస్తుందా?" అన్న ప్రశ్న "ఎవరికి పనిచేస్తుంది?" అన్న ప్రశ్నగా మారింది.

4. విశాఖ నేపథ్యం:
ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉత్తరాంధ్ర రోగులకు ముఖ్య ఆధారం. ఓడరేవులో బరువులెత్తేవారికి, ఉక్కు కర్మాగారపు కొలిమి వేడిలో పనిచేసేవారికి ఒళ్లునొప్పులు నిత్యానుభవం. మందుల దుకాణంలో సులభంగా దొరికే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లు కూడా శోథహర ఔషధాలే.

లిథియం శరీరం నుండి మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. మూత్రపిండాల రక్తప్రసరణకు తోడ్పడే ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని ఈ మాత్రలు తగ్గిస్తాయి. ఫలితంగా లిథియం రక్తంలో నిలిచిపోతుంది. చెమటతో నీరు, ఉప్పు పోయినప్పుడు మూత్రపిండాలు సోడియంతోపాటు లిథియాన్నీ తిరిగి పీల్చుకుంటాయి. ఉక్కపోత, నొప్పి మాత్ర కలిస్తే ప్రమాదం రెండువైపుల నుండీ వస్తుంది. సాధారణంగా రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ ఉండేలా చూస్తారు. అది 1.5 దాటితే వాంతులు, విరేచనాలు, ముతక వణుకు, నడకలో తడబాటు, మగత వంటి విషలక్షణాలు కనిపించవచ్చు. పరిశోధనలో అనుబంధ చికిత్సగా పరీక్షించిన సెలికాక్సిబ్ సైతం లిథియం స్థాయిని పెంచగలదు. వైద్యుని పర్యవేక్షణ, రక్తపరీక్ష లేని వాడకానికీ చికిత్సకూ ఉన్న భేదం ఇదే.

5. ముగింపు:
శోథహర ఔషధాలు ద్విధ్రువ రుగ్మతకు స్థిరపడిన చికిత్స కావు. అవి ప్రధాన ఔషధానికి ప్రత్యామ్నాయం అంతకన్నా కావు. లిథియం వాడేవారు ఏ నొప్పి మాత్రకైనా ముందు వైద్యుని సంప్రదించాలి, లిథియాన్ని సొంతంగా మానకూడదు. "నొప్పి మాత్ర" అన్న వాడుకపేరు ఆ మందు స్వభావాన్ని మరుగుపరుస్తుంది. కనుక రోగులకిచ్చే తెలుగు సూచనాపత్రాలలో "శోథహర ఔషధాలు" అని మాత్రమే రాస్తే చాలదు. మందుల పేర్లను, ఎండ, చెమటల ప్రస్తావనను స్పష్టంగా చేర్చడం అవసరం.