ఆ అంకె ఎలా వచ్చింది?

అడవిలో చెట్టును కొలిచేటప్పుడు టేపు ఎక్కడ చుట్టాలి? మొదలు దగ్గర కాదు, ఛాతీ ఎత్తున. చాలా దేశాల్లో అది నేల నుంచి 1.3 మీటర్లు, మన దేశంలో 1.37. వాలు నేలైతే పైవైపు నిలబడి కొలవాలి. వర్షారణ్యాల్లో కొన్ని మహావృక్షాల మొదళ్ల చుట్టూ వేళ్లు గోడల్లా లేచి ఉంటాయి. అక్కడ ఛాతీ ఎత్తున టేపు చుడితే మానుతో పాటు వేళ్లూ కొలతలోకి వచ్చేస్తాయి. అందుకే అవి ముగిసిన చోటుకు పైన, అవసరమైతే నిచ్చెన వేసుకుని కొలుస్తారు. ఎంత ఎత్తున కొలిచారో కూడా రాసుకుంటారు. రాయకపోతే ఐదేళ్ల తర్వాత వచ్చిన బృందం మరోచోట టేపు చుడుతుంది, పెరిగిన చెట్టే సన్నబడినట్టు లెక్క తేలుతుంది.

వాతావరణ నివేదికల్లోని పెద్ద పెద్ద అంకెలకు మూలం ఈ టేపే. చుట్టుకొలత నుంచి వ్యాసం, వ్యాసం నుంచి ఆ జాతికి తగిన సూత్రం ప్రకారం చెట్టు ఎండు బరువు కడతారు. అందులో ఇంచుమించు 47 శాతం కార్బన్. అంటే టన్ను ఎండు బరువున్న చెట్టులో 470 కిలోల కార్బన్ ఉంటుంది. ఆ చెట్టును తగలబెడితే సుమారు 1,720 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పెరిగిన బరువు ఆక్సిజన్‌ది.

పారిస్ ఒప్పందం ప్రకారం దేశాలు ఇలాంటి లెక్కలను రెండేళ్లకోసారి ప్రపంచం ముందు పెట్టాలి. తొలి నివేదికలకు గడువు 2024 డిసెంబరు 31. అంకె ఒక్కటే పంపితే సరిపోదు. అడవి అని దేన్ని అన్నారు, ఏ చిత్రాలు వాడారు, ఏ సూత్రంతో కట్టారు, ఎంత అటూఇటూ కావచ్చు అన్నవన్నీ చెప్పాలి. బయటి నిపుణులు వాటిని పరిశీలిస్తారు.

మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దృష్టిలో పండ్ల తోట అడవి కాదు. మన భారత అటవీ సర్వేక్షణ సంస్థ మాత్రం హెక్టారుకు తగ్గని నేలలో కొమ్మల నీడ పది శాతం పరుచుకుని ఉంటే, ఆ చెట్లు ఏ జాతివైనా ఎవరివైనా, అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది. ఆ లెక్కన నూజివీడు దగ్గర మామిడి తోట కూడా అందులోకే వస్తుంది. నల్లమలనూ మామిడి తోటనూ ఒకే గంపలో వేయడం నాకు మింగుడుపడదు. అయినా నిర్వచనాన్ని ఆ సంస్థ దాచలేదు, నివేదికలోనే అచ్చువేస్తోంది. కాబట్టే నేనిక్కడ దాని మీద తగువు పెట్టుకోగలుగుతున్నాను.

చిత్రాల విషయంలో పేద దేశాలకు పెద్ద ఊరట 2008లో దొరికింది. అంతకుముందు అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన ఒక్కో చిత్రం ఖరీదు 600 డాలర్ల దాకా ఉండేది. ఆ ఏడు మొత్తం భాండాగారాన్ని ఉచితం చేశారు. తర్వాత ఐరోపా రాడార్ ఉపగ్రహాలు మబ్బుల చాటున ఉన్న నేలను కూడా చూపించసాగాయి. కానీ చిత్రం చేతికొస్తే అంకె వచ్చినట్టు కాదు. పైనుంచి చూస్తే నీలగిరి తోటా అడవీ ఒకేలా పచ్చగా ఉంటాయి. కంప్యూటర్ గీసిన మ్యాపును నమ్మాలంటే మనిషి కన్ను కావాలి. అటవీ శాఖ ఉద్యోగి తెర ముందు కూర్చుంటుంది. తెర మీది ఉపగ్రహ చిత్రంలో అర హెక్టారు చదరం, అందులో 25 చుక్కలు. ఎనిమిది చుక్కల కింద చెట్లున్నాయి, అంటే 32 శాతం. ఒకటి చెట్టు నీడ మీద పడింది. దాన్ని లెక్కలో వేయాలా వద్దా? పక్క కుర్చీలోని సహోద్యోగిని కూడా విడిగా చూడమంటుంది. ఇలా వేల చదరాలు. ఇద్దరి జవాబులు ఎన్నిచోట్ల కలవలేదో కూడా చెప్పేస్తే ఆ లెక్క మీద నమ్మకం పెరుగుతుందే గానీ తరగదు.

ఈ పని చేసి చూపిన దేశం బ్రెజిల్. అక్కడి అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్పే 1988 నుంచి ఏటా అమెజాన్ నరికివేతను కొలుస్తోంది. కాలక్రమంలో మొత్తం అంకెతో ఆగకుండా మ్యాపులనూ అందరికీ తెరిచింది. ఎక్కడ నరికారో ఎవరైనా చూడొచ్చు, కాదనదలిస్తే కాదనొచ్చు. 2004లో ఒక్క ఏడాదిలో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది, తెలంగాణలో ఇంచుమించు నాలుగో వంతు. 2012 నాటికి అది 4,600 లోపుకు దిగింది. ఉపగ్రహ హెచ్చరికలు అందిన చోటికి తనిఖీ బృందాలు వెళ్లడం అందుకు ఒక ముఖ్య కారణం. 2019లో నరికివేత మళ్లీ పెరిగిందని ఇన్పే చూపితే, ఆ అంకెలు అబద్ధమని అధ్యక్షుడు బొల్సొనారో మండిపడ్డారు. సంస్థ అధిపతి రికార్డో గల్వావ్ పదవి పోయింది. అంకె మాత్రం చెరగలేదు. అవే ఉపగ్రహ చిత్రాలు ప్రపంచమంతటా అందుబాటులో ఉన్నాయి మరి.

మిగతా దేశాలకు ఈ దారి చూపడానికే పారిస్ ఒప్పందంతో పాటు సామర్థ్యం పెంచే ఒక పథకం పుట్టింది. ప్రపంచ పర్యావరణ నిధి సొమ్ముతో ఆహార, వ్యవసాయ సంస్థ అడవుల లెక్కలో శిక్షణ ఇస్తోంది, ఉచిత సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. మంచి పనే. కానీ విదేశీ నిపుణుడు వచ్చి లెక్కకట్టి, నివేదిక రాసిచ్చి విమానమెక్కితే ఆ దేశానికి మిగిలేది కాగితమే. రెండేళ్లకు మళ్లీ గడువొస్తుంది, మళ్లీ ఆయన కోసమే ఎదురుచూడాలి. శిక్షణ పొందినవాళ్లకు పథకం ముగిశాక కూడా జీతం అందాలి. అడవిలోకి వెళ్లే జీపుకు డీజిలుండాలి. ఐదేళ్ల కిందటి కొలతల పుస్తకం బీరువాలో దొరకాలి. అందులో ఆ చెట్టును ఎంత ఎత్తున కొలిచారో రాసి ఉండాలి.