శాసనసభ్యుని గుమ్మం ముందు రైతు



నేను ఎప్పుడు మీ ముందుకు వచ్చినా విత్తనశుద్ధి గురించో, మిరప తోటలో తామరపురుగు గురించో చెప్పి వెళ్ళేవాణ్ణి. ఇవాళ పురుగు మాటా లేదు, ఎరువు మాటా లేదు. మనం ఓటు వేసి పంపిన శాసనసభ్యుని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. "పైర్ల సంగతి చెప్పేవాడికి ఎమ్మెల్యే గారితో ఏం పనయ్యా?" అని మీరు అడగవచ్చు. కాలువలో నీళ్ళు రాకపోతే నేను చెప్పిన వరి వంగడం ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? చేనికి పోయే డొంక రోడ్డు వానకు తెగిపోతే పండిన పంట ఇంటికెలా చేరుతుంది? ఈ పనులు నా చేతిలో లేవు, మీ చేతిలోనూ లేవు. కొంతవరకు ఆయన చేతిలో ఉన్నాయి. ఆ "కొంతవరకు" అనేది ఎంతవరకో తెలుసుకోవడమే ఇవాళ్టి ముచ్చట.

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది సభ్యులు, తెలంగాణ శాసనసభలో 119 మంది సభ్యులు ఎన్నికవుతారు. ఒక్కొక్క నియోజకవర్గంలో సగటున రెండు లక్షలకు పైగా ఓటర్లు ఉన్నారు. రెండు లక్షలే అనుకుందాం. ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలు కేటాయిస్తే పది లక్షల నిమిషాలు అవుతాయి. రోజుకు పది గంటల చొప్పున కూర్చున్నా 1,666 రోజులు పడుతుంది. ఆయన పదవీకాలమేమో ఐదేళ్ళు, అంటే 1,826 రోజులు. మరి శాసనసభకు ఎప్పుడు పోవాలి? ఊళ్ళు ఎప్పుడు తిరగాలి? కాబట్టి మీకు దొరికేది ఐదు నిమిషాలైతే అదే గొప్ప. ఆ ఐదు నిమిషాలలో మీరు ఏం చెబుతారు, చేతికి ఏం ఇస్తారు అన్నదాని మీదనే మీ పని ఆధారపడి ఉంటుంది.

ఆయన రోజు ఎలా మొదలవుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్లవారకముందే వాకిట్లో జనం. ఒకాయనకు ఆసుపత్రి ఖర్చు కోసం ముఖ్యమంత్రి సహాయ నిధికి ఉత్తరం కావాలి. ఒక ముసలమ్మకు పింఛను ఆగిపోయింది. ఒకరు బదిలీ కావాలని వస్తారు, ఒకరు పెళ్ళి శుభలేఖ తెస్తారు. ఇంకొకరు ఊరికే కనపడి పోదామని వచ్చి కుర్చీ వేసుకు కూర్చుంటారు. పొద్దెక్కిన తరువాత శంకుస్థాపనలు, పరామర్శలు, అధికారులతో సమావేశాలు. రాత్రి ఏ పదింటికో ఇల్లు చేరితే అప్పటికీ అరుగు మీద ఇద్దరు ముగ్గురు కాచుకుని ఉంటారు.

ఇదంతా ఆయన పనిలో ఒక సగం. రెండవ సగం మనకు కనపడదు. అది శాసనసభలో జరుగుతుంది. రాజ్యాంగం ప్రకారం ఒక సమావేశానికీ, తరువాతి సమావేశానికీ నడుమ ఆరు నెలల వ్యవధి దాటకూడదు. సభ జరిగే రోజుల్లో సభ్యుడు ఊళ్ళో కనపడకపోతే "గెలిచాక ముఖం చూపడం మానేశాడు" అంటాం. పెళ్ళికి రాలేదని నిష్ఠూరమాడతాం. నిజానికి మనం ఆయనను పంపింది అక్కడికే గదా! అక్కడ నోరు విప్పాడా లేదా అని అడిగేవాళ్ళు ఊరికొక్కరైనా ఉండరు.

అక్కడ ఆయన చేతిలో ఉన్న పనిముట్లు ఏమిటో చెబుతాను. మొదటిది ప్రశ్న. సభలో ప్రశ్నలకు ప్రత్యేకంగా ఒక సమయం ఉంటుంది. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రిగారు సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు చాలకపోతే దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది. రెండవది బడ్జెటు. ఏ శాఖకైనా డబ్బు కావాలంటే సభ ఆమోదించాలి. ఆ చర్చలో తన ప్రాంతపు కాలువ గురించి, రోడ్డు గురించి అడిగే హక్కు సభ్యునికి ఉంది. మూడవది కమిటీలు. మంత్రులు సభలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారా లేదా అని చూసే హామీల కమిటీ ఉంది. ప్రజల అర్జీలను పరిశీలించే కమిటీ కూడా ఉంది. ఇక జిల్లాలో అయితే నీటిపారుదల సలహా మండలి సమావేశం ఉండనే ఉంది. ఏ కాలువకు ఎప్పుడు నీళ్ళు వదలాలి, ఎంత ఆయకట్టుకు ఇవ్వాలి అన్నది చర్చించే ఆ సమావేశంలో శాసనసభ్యులు కూర్చుంటారు. రైతుకు ఇంతకంటే ముఖ్యమైన సమావేశం మరొకటి లేదు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

కొన్నేళ్ళ కిందట నేను సాగర్ కుడి కాలువ కింద ఒక మండలంలో పనిచేసేవాణ్ణి. అక్కడ ఒక మైనరు కాలువ చివర సుమారు 200 ఎకరాల భూమి. పై భాగాన ఒక తూము షట్టరు విరిగిపోయింది. చివరి కిలోమీటరు పొడవునా పూడిక, తుమ్మచెట్లు. నీళ్ళు పైవాళ్ళకే సరిపోయేవి. కిందివాళ్ళ వరి పొట్ట దశకు వచ్చి ఎండిపోయింది. నలభై మంది రెండు ట్రాక్టర్లెక్కి ఎమ్మెల్యే గారింటికి వెళ్ళారు. నలభై మందీ ఒక్కసారే మాట్లాడారు. ఆయన రెండు నిమిషాలు విని ఇంజనీరు గారికి ఫోను చేశారు. మూడు రోజులు నీళ్ళు వచ్చాయి. నాలుగో రోజున మామూలే. ఫోను మీద వచ్చిన నీళ్ళు ఫోను వేడి ఉన్నంతవరకే!

అప్పుడు నా సంచీలో సాగు లెక్కల పుస్తకం ఉంది. ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఎన్ని ఎకరాలు, ఎంత ఎండింది అన్నదంతా నేను పొలం గట్లు తిరిగి రాసుకున్నదే. కాని ఆ లెక్క రైతులకు చెప్పాలని నాకు తట్టలేదు. "ఇది నీటిపారుదల శాఖ పని, మనకెందుకు" అనుకున్నాను. ఆ పంట పోయింది. మరుసటి ఏడు కూడా అదే కథ. అక్కడ నాలుగెకరాలు కౌలుకు చేసే యువకుడొకడు రెండు పంటలకు చేసిన అప్పు తీర్చలేక భార్యాబిడ్డలతో హైదరాబాదుకు కూలికి పోయాడు.

ఆ తరువాత ఊళ్ళో ఒక పెద్ద రైతు నా దగ్గరికి వచ్చి, "ఏమండీ, ఎకరాల లెక్క మీ దగ్గర ఉంటుంది గదా, కాస్త చెబుతారా?" అని అడిగాడు. సిగ్గుపడ్డాను. లెక్క చెప్పాను. ఆయన, నీటి సంఘం వాళ్ళు, ఇద్దరు చదువుకున్న పిల్లలు కూర్చుని ఒకే ఒక్క కాగితం రాశారు. మైనరు పేరు, విరిగిన తూము నంబరు, కింద ఎన్ని ఎకరాలు, ఎన్ని కుటుంబాలు, ఎన్ని పంటలు పోయాయి, ఇంతకు ముందు ఎవరెవరికి ఏ తేదీన అర్జీ ఇచ్చారు అన్నీ వరుసగా. అడిగింది రెండు ముక్కలే: షట్టరు మార్చాలి, చివరి కిలోమీటరు పూడిక తీయాలి. ఈసారి నలభై మంది పోలేదు. నలుగురు పోయారు.

ఎమ్మెల్యే గారు కాగితం రెండుసార్లు చదివి, "ఈ ఎకరాలు నిజమేనా? సభలో అడిగితే నా మాట పోకూడదు సుమా" అన్నారట. నిజమేనని తేల్చుకున్నాక సలహా మండలి సమావేశంలో ఆ కాగితం చూసే అడిగారు. తూము నంబరుతో సహా అడిగితే "చూస్తామండీ" అని తప్పించుకోవడం ఎవరికీ కుదరదు. "నిధులు లేవు" అని జవాబు వచ్చింది. తరువాత శాసనసభలో ప్రశ్న వేశారు. "పరిశీలనలో ఉంది" అన్నారు. మళ్ళీ వేశారు. మరుసటి వేసవిలో డబ్బు మంజూరై పని జరిగింది. ఇప్పుడు చివరి పొలాలకు నీళ్ళు పోతున్నాయి. అన్నిటికీ కాదు, ముప్పై ఎకరాల వరకు ఇంకా బోర్ల మీదే నెట్టుకొస్తున్నారు. హైదరాబాదు పోయిన ఆ కుర్రవాడు మాత్రం తిరిగి రాలేదు. నీళ్ళు వచ్చేనాటికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఆ కాగితం రెండేళ్ళ ముందు రాసి ఉంటే ఎలా ఉండేదో అని ఆ దారిన పోయినప్పుడల్లా అనుకుంటాను.

కాబట్టి సోదరులారా, కాగితం లేకుండా పోవడమంటే గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్లే. ఒక కాగితం మీద ఒకే పని రాయండి. ఊరి పనినీ, మీ అబ్బాయి ఉద్యోగాన్నీ ఒకే అర్జీలో కలపవద్దు. ఎక్కడ, ఎంత, ఎప్పటినుంచి, ఎంతమందికి అన్న నాలుగు మాటలకు జవాబు ఉండాలి. లెక్క పెంచి రాయకండి. ఒక్క అంకె అబద్ధమని తేలితే మిగతా నిజాలన్నీ కొట్టుకుపోతాయి. ముందు సంబంధిత అధికారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. దాని నకలు జతచేయండి. మీ దగ్గరా ఒక ప్రతి ఉంచుకోండి. పని కాకపోతే మళ్ళీ వెళ్ళండి. "ఫలానా తేదీన ఇచ్చాం, ఏమైందండీ?" అని మర్యాదగా అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ఆయన దగ్గరకు తీసుకుపోకూడని పనులూ ఉన్నాయి. పాసుపుస్తకంలో పేరు తప్పు పడితే తహసీల్దారు గారి కార్యాలయం ఉంది. విత్తనానికీ, ఎరువుకూ మేమున్నాం. గట్టు తగాదా కోర్టుకెక్కితే తీర్పు చెప్పవలసింది కోర్టే. అక్కడ ఎమ్మెల్యే గారు మాట సాయం చేయాలని కోరడం న్యాయం కాదు. ఇవాళ మీ వైపు చెప్పిన మాట రేపు అవతలివాడి వైపు కూడా చెప్పవచ్చు గదా!

పెద్ద పనులకు ఓపిక కూడా కావాలి. సత్తెనపల్లి నుంచి 1952, 1955, 1962, 1967 ఎన్నికలలో గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు నందికొండ ప్రాజెక్టు కావాలని పోరాడినవారిలో ఒకరు. అదే తరువాత నాగార్జునసాగర్ అయింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేశారు. కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. నడుమ పన్నెండేళ్ళు గడిచాయి. ఆ పన్నెండేళ్ళూ అడగడం మానకుండా అడిగినవాళ్ళు ఉండబట్టే ఇవాళ కుడి కాలువ కింద మనం వరి గురించీ, మిరప గురించీ మాట్లాడుకుంటున్నాం.

తోటి విస్తరణ సిబ్బందికి ఒక్క మాట. మనం ప్రభుత్వోద్యోగులం. ఎవరి పక్షానా జెండా పట్టకూడదు, గుంపును వెంటబెట్టుకుని ఎవరింటికీ పోకూడదు. కాని మనం గట్లు తిరిగి రాసిన లెక్క రైతు అడిగితే చెప్పడం జెండా పట్టడం కాదు, అది మన కొలువే. నా సంచీలో లెక్క సంచీలోనే ఉండిపోయినట్లు మీ సంచీలో ఉండిపోనివ్వకండి.

ఈసారి శాసనసభ సమావేశాలు మొదలయ్యేలోగా మీ ఊళ్ళో నలుగురూ కూర్చోండి. మీ ఊరికి అన్నిటికంటే ముందు కావలసిన పని ఏదో ఒక్కటి తేల్చుకోండి. ఒక కాగితం, ఒక కలం చాలు. పైరుకు అదను ఉన్నట్లే అర్జీకీ అదను ఉంటుంది. ఆ అదను దాటనివ్వకండి.