నాలుగు కిలోలు తగ్గితే చాలు

హాస్టల్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రం కబడ్డీ ఉండేది, బరువు సంగతే మాకు తెలియదు. పీజీకొచ్చి కుర్చీలకు అతుక్కున్నాక ప్యాంట్లు బిగుతయ్యాయి. మాలో ఒకరి నాయినకు షుగరుతో కాలివేలు తీసేశారు. అప్పుడు భయమేసింది.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో జొన్నరొట్టె, గటక మెల్లగా వెనక్కిపోయాయి. అన్నాన్ని తప్పుపట్టలేం, ఆకలి తీర్చింది. కానీ నాగలి పట్టిన తాత తిన్నంత, పుస్తకం పట్టిన మనుమడు తింటే మిగిలేది కొవ్వే.

మరి ఎంత తగ్గాలి? అమెరికాలో షుగరు అంచునున్న మూడువేల మందికి పైగా మీద జరిపిన పరిశోధన 2002లో వెలువడింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యం. సుమారు మూడేళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గింది, మందు మింగినవాళ్లలో 31 శాతమే. అరవై కిలోల మనిషికి 7 శాతమంటే నాలుగు కిలోల చిల్లర, అంతే!

మేము మొదట రాత్రి భోజనం మానేసి, అర్ధరాత్రి మిక్చర్ పొట్లాలు ఖాళీ చేశాం. తర్వాత బుద్ధొచ్చి అన్నం ఒక గరిటె తగ్గించాం, ఆకుకూర పప్పు పెంచాం, రోజూ అరగంట వడివడిగా నడిచాం. ఎదిగే వయసు తమ్ముళ్లు, సన్నగా ఉన్నవాళ్లు ఇది చేయొద్దు.

ఆర్నెల్లకు నాలుగు కిలోలు తగ్గి హాస్టలుకొస్తే, వంటక్క "జ్వరమొచ్చిందా బిడ్డా?" అంటూ ఇంకో గరిటె అన్నం వేసింది.