గాలి పోయినా ఆగని టైరు

టైరులో మేకు దిగితే గాలి పోతుంది, కారు ఆగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. కానీ గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు కూడా ఉన్నాయి. వాటిని రన్‌ఫ్లాట్ టైర్లు అంటారు. మన చిన్న కార్లకు అవి పనికొస్తాయా?

మామూలు టైరులో కారు బరువు మోసేది గాలి. రన్‌ఫ్లాట్ టైరుకు పక్కగోడలు మందంగా, గట్టిగా ఉంటాయి. గాలి పోతే అవే బరువు మోస్తాయి. సాధారణంగా గంటకు 80 కి.మీ. వేగం దాటకుండా సుమారు 80 కి.మీ. పోవచ్చు.

లాభాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటికీ వరంగల్ ఆ దూరంలోపే ఉంది. రాత్రివేళ రోగిని ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో ఆగనక్కరలేదు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డుపక్కన చక్రం మార్చే ప్రమాదమూ తప్పుతుంది.

నష్టాలు: ధర ఎక్కువ. బరువు ఎక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. గుంతల్లో కుదుపు ఎక్కువ. గాలి పోయిన సంగతి డ్రైవరుకు తెలియదు కనుక గాలి ఒత్తిడి చూపే పరికరం తప్పనిసరి. గాలి లేకుండా నడిపిన టైరును చాలావరకు మార్చవలసిందే. ఊరి పంక్చర్ షాపులో అలాంటిది దొరకడం కష్టం.

ట్యూబ్‌లెస్ టైర్లతో పాటు ఆ పరికరం, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. అయితే పెద్ద కోత పడితే కిట్టు పనిచేయదు.

కాబట్టి మిత్రులారా, మన దారుల్లో చిన్న కారుకు ట్యూబ్‌లెస్ టైర్లు, మంచి స్టెప్నీ చాలు. స్టెప్నీలోనూ గాలి ఉందో లేదో బయలుదేరేముందే చూసుకోవాలి. ఆపదవేళ అదే ప్రాణం కాపాడుతుంది.