అశ్వహృదయ మెరిగిన సారథులు

నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువులో సారథ్యం చేసిన కథ మన విద్యార్థులు ఎరిగినదే. విదర్భకు పయనమయ్యే వేళ బాహుకుడు ఏరి తెచ్చిన గుఱ్ఱాలు బక్కచిక్కినవి. వాటిని చూచి రాజు సందేహించినాడు. తీరా రథం కదలిన పిమ్మట రాజుగారి ఉత్తరీయం జారిపడినది. ఆపుమన్నాడు. అది అప్పుడే ఒక యోజనం వెనుక ఉండిపోయినదని బాహుకుని సమాధానం. గుఱ్ఱాల బలిమి కాదది. నలునికి అశ్వహృదయం తెలియును.

ఇంగ్లండులో ఇటువంటి సారథులు నేటికీ కొందరున్నారు. వారివి ఇనుప గుఱ్ఱాలు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మూడున్నర దశాబ్దాలపాటు ఆ దేశంలో తయారైన ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ వంటి చిన్న స్పోర్ట్సు కార్లను యౌవనంలో నడిపినవారు నేడు వృద్ధులు. వారివద్ద ఆ మాట కదిపితే మొదట చెప్పేది వేగాన్ని గురించి కాదు. వానలో తడిసిన సంగతి, నడిదారిలో ఆగిపోయిన సంగతి, గోళ్ళలో చేరిన నల్లని నూనె ఎన్నాళ్ళకూ వదలని సంగతి. లోపాలను ఇంత మురిపెంగా చెప్పుకొనడం సంసార విషయంలో తప్ప మరెక్కడా కానరాదు!

ఎంజీ అనగా మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డు పట్టణంలో విలియం మోరిస్ నెలకొల్పిన కార్ల వ్యాపారం అది. అక్కడి మేనేజరు సెసిల్ కింబర్ 1920ల దశకంలో సాధారణమైన మోరిస్ కారు చట్రానికి సొగసైన పైతొడుగు వేయించి అమ్మడం ప్రారంభించినాడు. 1929లో కార్ఖానా సమీపంలోని ఆబింగ్డన్‌కు తరలినది. యుద్ధం ముగిసిన 1945లోనే ‘టీసీ’ అనే కారు వెలువడినది. రెండే సీట్లు. పైతొడుగుకు లోపలి ఆధారం కొయ్య. చక్రాలు సన్నని ఊచలవి. ఎదుటి అద్దాన్ని బానెట్టుమీదికి వాల్చి, గాలిని ముఖాన పట్టవచ్చును. ఇంజను 1250 సీసీ. శక్తి 54 గుఱ్ఱాలది మాత్రమే. గంటకు 75 మైళ్ళు దాటితే గొప్ప. కాని నేలకు జానెడెత్తున కూర్చున్నట్లుండే ఆ ఆసనంలో 40 మైళ్ళే పుష్పక విమానమనిపించేవి. 1949 వరకు తయారైనవి సుమారు 10,000. స్టీరింగు కుడివైపున తప్ప లేదు; అయినా రోడ్డుకు కుడివైపున బండ్లు నడిపే అమెరికావారు దానిని అట్లాగే మోజుపడి కొన్నారు.

పిమ్మట 1955లో ఎంజీఏ, 1962లో ఎంజీబీ వచ్చినవి. 1958 నాటి ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌కు దీపాలు బానెట్టుపై ఉబికి ఉండుటచేత ‘కప్పకళ్ళది’ అని ముద్దుపేరు. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైపు అందానికి ప్రసిద్ధి. అయినా తీయని జ్ఞాపకాలు ఎక్కువగా చిన్న కార్లవే. చేతులు మారి పాతబడిన పిదప అవి గుమాస్తాకు, బడిపంతులుకు అందే వెలకు దిగివచ్చేవి.

వాటిని నడపడం ఒక విద్య. మొదటి గేరులో పళ్ళను సమవేగానికి తెచ్చే ఏర్పాటు లేదు. బండి నడుస్తుండగా ఆ గేరుకు దిగవలెనంటే క్లచ్చి రెండుమారులు తొక్కి, నడుమ యాక్సిలరేటరును ఒక్క అదలింపు అదలించవలెను. అదను తప్పినదా, దంతాలు నూరిన చప్పుడు వీధి అంతా వినిపించేది. ఇక గుడ్డకప్పు సంగతి: ఊచలు నిలిపి, గుడ్డ పరచి, గుండీలు పెట్టేసరికి వాన వెలిసిపోయేది.

అన్నిటిలోను రమణీయమైనది కార్బురేటర్లకు శ్రుతి కలపడం. ఈ కార్లలో చాలవాటికి ఎస్‌యూ కార్బురేటర్లు రెండు ఉండేవి. రెండూ సమంగా గాలి పీల్చినప్పుడే ఇంజను నిలకడగా తిరుగుతుంది. రబ్బరు గొట్టం ఒక కొసను కార్బురేటరు నోటివద్ద, రెండవ కొసను చెవివద్ద పెట్టుకొంటే బుస వినబడుతుంది. ఒకదాని బుస విని, రెండవదాని బుస విని, రెండూ ఒక్కటయ్యేవరకు మరలు త్రిప్పవలెను. తరువాత లోపలి పిస్టనును కొంచెం ఎత్తి చూడవలెను. ఇంజను వేగం పెరిగి అట్లాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగబోతే తక్కువ, రవంత పెరిగి మరల కుదుటపడితే పాళం కుదిరినట్లు. తంబురా మీటి చెవి యొగ్గే గాయకునికి, ఈ మెకానిక్కుకు భేదమేమున్నది?

అయితే యజమానులకు మధురమైన ఆ పాతదనమే పనివారికి చేటయినది. ఎంజీబీకి తగిన వారసుని తయారు చేయడానికి యాజమాన్యం పెట్టుబడి పెట్టలేదు. అమెరికా నిబంధనలకోసం 1974లో నల్లని రబ్బరు బంపర్లు తగిలించి, కారు ఎత్తు పెంచినారు. నడకలోని నేర్పు తగ్గినది. 1979 సెప్టెంబరులో ఆబింగ్డన్ పట్టణం కార్ఖానా స్వర్ణోత్సవం జరుపుకొన్నది. ఆ ఉత్సవాలు ముగిసిన మరుసటి సోమవారమే మూసివేత ప్రకటన వెలువడినది. తోరణాలు విప్పకముందే పిడుగు! యజమానులు ఎంతగా మొరపెట్టుకొన్నా లాభం లేకపోయినది. 1980 అక్టోబరులో చివరి కారు బయటికి వచ్చినది. అంతవరకు తయారైన ఎంజీబీలు 5 లక్షలకు పైమాట. కారును ప్రేమించినవారికి మిగిలినది జ్ఞాపకం. దానిని నిర్మించినవారు పోగొట్టుకొన్నది జీవనోపాధి.

1988లో పాత అచ్చులతోనే ఎంజీబీ పైతొడుగులు మరల తయారు కాసాగినవి. తుప్పుపట్టిన కార్లు ఎన్నో వాటితో లేచి నిలిచినవి. ఆ మరుసటి ఏడు జపానువారి మజ్దా ఎంఎక్స్-5 వచ్చినది. ఇంగ్లీషు కార్ల సరదా అంతా అందులో ఉన్నది; నూనె కారడం, ఆగిపోవడం లేవు. వృద్ధులు కొందరు దానిని మెచ్చుకొంటారు గాని, చెప్పుకొనడానికి దానిలో కథ లేదని పెదవి విరుస్తారు.

ఎంజీ పేరు 2005లో చైనావారి చేతికి పోయినది. గుజరాతులోని హాలోల్‌లో తయారవుతున్న ఎంజీ కార్లు 2019 నుండి మన దేశంలో అమ్ముడవుతున్నవి. విజయవాడ, హైదరాబాదు వీధులలో కనిపించే ఆ ఎనిమిది కోణాల ముద్ర కింబర్ కాలం నాటిదే. వాటిలో విద్యుత్తుతో నడిచేవి కూడ ఉన్నవి. వాటికి కార్బురేటరే లేదు.

ఇంగ్లండులో మాత్రం ఆదివారం ఉదయాన ఏ ఇంటి కొట్టంలోనో బానెట్టు తెరచుకొంటుంది. తాత రబ్బరు గొట్టాన్ని మనుమరాలి చెవికి అందిస్తాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి వింటుంది. ఎడమవైపు బుస కొంచెం హెచ్చుగా ఉన్నదని చెప్పి, తానే మరచుట్టు అందుకొంటుంది.