కట్టెల మోపుకూ కర్బనం లెక్క!

సోమందేపల్లె: గ్యాసు సిలిండరు చేరిన ఇళ్లలో కూడా ఈ ప్రాంతంలో పెరటి పొయ్యి ఆరలేదు. కాఫీకి, చుట్టం వచ్చినప్పుడు వంటకు సిలిండరు. రాగి సంగటికి, నీళ్లు కాగడానికి, దాణా ఉడకడానికి కట్టెలే. అవి కూడా కొన్నవి కావు. కంది కట్టె, మల్బరీ పుల్లలు, పిడకలు, అన్నిటికన్న ఎక్కువగా కంప. పై జిల్లాల్లో సర్కారు తుమ్మ అనే ఈ చెట్టు చెరువు కట్టల వెంట, బీళ్లలో ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. నరికితే మొదలు నుంచే మళ్లీ చిగురిస్తుంది.

ప్రభుత్వాలు పొయ్యిని మార్చాలని చూడడం ఇది మొదటిసారి కాదు. 1980లలో కేంద్రం పొగలేని పొయ్యిల పథకం తెచ్చి, దాదాపు రెండు దశాబ్దాలు నడిపి 2002లో విరమించుకుంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల వచ్చాయి. 2024 నవంబరు నుంచి రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 80కి పైగా ఇళ్లలో వంటకు వాడే ముఖ్య ఇంధనం గ్యాసు వంటిదే. ఐతే ముఖ్య ఇంధనం ఏదని అడిగినప్పుడు పెరట్లోని రెండో పొయ్యి లెక్కలోకి రాదు. మూడు సిలిండర్లు ఐదారుగురున్న ఇంటికి ఏడాదంతా రావన్నది ఎవరికైనా తెలిసిన సంగతే.

ఇక ఈ పొయ్యి పొగకూ ప్రపంచ వాతావరణానికీ సంబంధమేమిటి? అంతర్జాతీయ లెక్కల పద్ధతి విచిత్రంగా ఉంటుంది. కట్టె కాలినప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువును ఇంధనం పద్దులో రాయరు. నరికిన చెట్టు మళ్లీ పెరిగి ఆ వాయువును పీల్చుకుంటుందని భావించి, పెరగకపోతే ఆ నష్టాన్ని భూమి, అడవుల పద్దులో చూపుతారు. కనుక ఏటా పండే కంది కట్టెకు, తిరిగి చిగిర్చే కంపకు పద్దు దాదాపు సున్న. పెనుకొండ కొండల్లో కొట్టేశాక మళ్లీ లేవని చెట్టుకు మాత్రం పద్దు పడుతుంది. రెండిటి పొగా ఆడవాళ్ల కళ్లకు ఒకటే. ఊపిరితిత్తులకు ఏ పద్దులోనూ చోటు లేదు.

ఈ లెక్కతోనే డబ్బు తెచ్చిన ప్రయత్నం పొరుగునే జరిగింది. ఇక్కడి నుంచి బెంగుళూరు రోడ్డున కొడికొండ చెక్‌పోస్టు దాటితే వచ్చే బాగేపల్లి కర్ణాటకలోనిదే అయినా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. అక్కడ 1977 నుంచి పనిచేస్తున్న ఆడాట్స్ సంస్థ, కూలీ సంఘం కుటుంబాలకు 5,500 గోబర్ గ్యాస్ యూనిట్లు కట్టించే పథకం తయారుచేసింది. క్యోటో ఒప్పందం కింద అది 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వద్ద రిజిస్టరయింది. యూనిట్ ఒక్కొక్కటి రెండు ఘనపు మీటర్లది. కట్టె, కిరోసిను మానినందువల్ల ఇంటికి ఏటా సుమారు మూడున్నర టన్నుల వాయువు తగ్గుతుందని అంచనా. ఆ తగ్గుదలను పై దేశాల కంపెనీలు కొంటాయి. తమ చిమ్నీల పొగకు బదులుగా బాగేపల్లి పొయ్యి ఆరినట్టు చూపుకుంటాయి.

వినడానికి బాగానే ఉంది. కాని బేరం పై దేశాల బజారుది. 2008లో టన్నుకు 20 యూరోల దాకా పలికిన ధర 2012 చివరికి ఒక యూరోకన్న కిందికి పడిపోయింది. ఆ బజారు ధరతో చూస్తే ఒక ఇంటి ఏడాది ఫలితం మూడున్నర యూరోలు, అంటే అప్పటి 250 రూపాయలకు అటూ ఇటూ. తొట్టి పగిలితే మేస్త్రీ కూలికి చాలదు.

ఆ తర్వాత లెక్క మీదే అనుమానం వచ్చింది. మెరుగైన పొయ్యిల పేరిట ప్రపంచమంతటా అమ్మిన తగ్గుదలను అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి, తాము చూసిన పథకాల్లో అసలుకన్న 9 రెట్లు ఎక్కువ రాసుకున్నారని 2024లో ప్రకటించారు. కొత్త పొయ్యి ఇచ్చినా పాత పొయ్యి ఆరకపోవడం, తిరిగి పెరగని కట్టె వాటాను పెంచి చూపడం అందుకు కారణాల్లో ముఖ్యమైనవి. ఈ మొదటి కారణం తెలుసుకోవడానికి బర్క్‌లీ దాకా పోనక్కరలేదు. సోమందేపల్లెలో ఏ పెరట్లో చూసినా తెలిసేదే.

కట్టె మీద నియంత్రణ వేరే దారిలో ఎప్పుడో వచ్చింది. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులో చెట్టు నరకడం నేరం. అడవి అంచున బతికేవారి వంటచెరకు అవసరాలను గుర్తించాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఆ రెండిటి మధ్య మోపు నెత్తిన పెట్టుకున్న మనిషి నడవాలి. సిమెంటు, అల్యూమినియం వంటి పెద్ద పరిశ్రమల కోసం కేంద్రం 2023లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించింది. ఇంటి పొయ్యికి అందులో హద్దులేవీ పెట్టలేదు. అంతవరకు మేలే.

ఉత్తరాన చెన్నేకొత్తపల్లె వైపు మరో అనుభవం ఉంది. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో అక్కడి ఊళ్లవాళ్లు కల్పవల్లి పేరిట వేల ఎకరాల బోడి కొండలను కాపలా కాసి పచ్చగా చేశారు. గడ్డి, ఈతాకు, ఎండు పుల్లలు దొరికే చోటయింది. ఆ కొండల మీదికే పొగలేని కరెంటు పేరుతో గాలిమరలు, వాటికి రోడ్లు వచ్చాయి. వివాదం 2013లో హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి చేరింది.

గోబర్ గ్యాస్ ఈ నేలకు సరిపోదా అంటే, సరిపోతుంది. రెండు ఘనపు మీటర్ల యూనిట్‌కు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. అంటే నాలుగైదు గొడ్లు ఇంటి దగ్గర ఉండాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట, వేరుశనగ పోయిన ఏడు కట్టె ఉండదు, మేత ఉండదు. మొదట సంతకు పోయేవి గొడ్లే. అవి పోయాక తొట్టి ఎండిపోతుంది. ఏ ఒప్పందం రాసినవారూ ఆ ఏడాదికి పద్దు పెట్టలేదు. ఆ రోజుల్లో ఆధారం చెరువు కట్ట మీది కంపే.