పైకి గాయం లేకున్నా ఛాతీలో రక్తస్రావం: ప్రాణం కాపాడే అంకెలివి

బైకు హ్యాండిల్ ఛాతీకి పొడుచుకుంది. లేదా కారు స్టీరింగ్ గట్టిగా తగిలింది. పైకి చుక్క రక్తం లేదు, మనిషి బాగానే మాట్లాడుతున్నాడు, బీపీ 120/80. ‘ఏం కాలేదులే, కాసేపు పడుకుంటే తగ్గిపోతుంది’ అంటూ ఇంటికి తీసుకెళ్తే ప్రాణాల మీదకు రావచ్చు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య రక్తం చేరడాన్ని వైద్యులు హీమోథొరాక్స్ అంటారు. అది బయటపడేలోపే చాలా రక్తం పోయి ఉండొచ్చు.

2 లీటర్లు పట్టే సందు

ఊపిరితిత్తి చుట్టూ ఉన్న రెండు పొరల మధ్య మామూలుగా 10–20 మిల్లీలీటర్ల ద్రవమే ఉంటుంది. రక్తస్రావమైతే ఆ సందే ఒంట్లోని రక్తంలో 40 శాతం దాకా ఇముడ్చుకోగలదు. 70 కిలోల మనిషిలో రక్తం సుమారు 5 లీటర్లు. అంటే ఒక్క పక్కనే 2 లీటర్లు చేరిపోవచ్చు. ఒకవైపు ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, మరోవైపు ఊపిరితిత్తి నొక్కుకుపోయి ఊపిరి ఆడదు.

750 మిల్లీలీటర్లు పోయేదాకా నాడి పెద్దగా మారదు. ఆపైన నిమిషానికి 100 దాటుతుంది, బీపీ మాత్రం చాలామందిలో నిలకడగానే ఉంటుంది. అది పడిపోయేది 1,500 దాటాకే. అందుకే బీపీ బాగుందని ధీమా పడకూడదు. నాడి వేగం, ఆయాసం, చెమటలు ముందుగా హెచ్చరిస్తాయి.

ఎందుకు వస్తుంది?

ప్రధాన కారణం దెబ్బలే: రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడిపోవడం, కత్తిపోట్లు. విరిగిన పక్కటెముక కొన దాని కింది అంచున ఉండే రక్తనాళాన్ని గానీ, ఊపిరితిత్తిని గానీ చీలుస్తుంది. రక్తాన్ని పలచబరిచే మందులు, ఊపిరితిత్తి పొరల క్యాన్సర్, బృహద్ధమని ఉబ్బి పగలడం వల్ల దెబ్బ లేకుండానూ రావచ్చు. మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం వేసేటప్పుడు అరుదుగా జరుగుతుంది.

ఎక్స్‌-రే ఒక్కటే చాలదు

నిలబెట్టి తీసిన ఎక్స్‌-రేలో కనిపించాలంటే 200–300 మిల్లీలీటర్లు చేరాలి. పడుకోబెట్టి తీస్తే ఒక్కోసారి లీటరు ఉన్నా పోల్చుకోవడం కష్టం. అందుకే క్యాజువాలిటీలో మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ చేస్తారు. ఇంకా తక్కువ రక్తాన్నీ అది పట్టేస్తుంది. రోగి నిలకడగా ఉంటే సీటీ స్కాన్ తీస్తారు.

ట్యూబు, సీసా, గంటగంటకో లెక్క

కొద్దిపాటి రక్తమైతే గమనిస్తూ ఉంటారు. ఎక్కువైతే చంక కింద, అయిదో పక్కటెముక పరిసరాల్లో మత్తిచ్చి చిన్న కోత పెడతారు. వేలితో లోపల తడిమి చూసి ట్యూబు వేస్తారు. రెండో కొస సీసాలోని నీటిలో మునిగి ఉంటుంది కాబట్టి గాలి వెనక్కి పోదు. ఊపిరి తీసినప్పుడల్లా ఆ నీటి మట్టం పైకీ కిందికీ ఆడుతుంది. నర్సు గంటగంటకూ రక్తం ఎంత చేరిందో చూసి, టైముతో సహా రాసుకుంటుంది. ట్యూబు వేయగానే 1,500 మిల్లీలీటర్లు దాటి వచ్చినా, ఆ తర్వాత గంటకు 200 చొప్పున 2–4 గంటలపాటు వస్తున్నా ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఎక్కువమందికి ట్యూబు, రక్తం ఎక్కించడంతోనే సరిపోతుంది.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం ఇంజెక్షన్‌కు గడువు దెబ్బ తగిలాక 3 గంటలు. 20 వేల మందికి పైగా క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన క్రాష్‌–2 పరిశోధనలో దీనివల్ల మరణాలు 16 శాతం నుంచి 14.5కు తగ్గాయి. 3 గంటలు దాటాక ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువని తేలింది.

గడ్డకట్టిన రక్తం లోపలే ఉండిపోతే చీము పట్టొచ్చు, ఊపిరితిత్తి బిగుసుకుపోవచ్చు. వీలైతే మొదటి 4 రోజుల్లోనే కెమెరా సాయంతో, కీహోల్ పద్ధతిలో దాన్ని తీసేయడం మేలు.

మనం చేయాల్సింది

వెంటనే 108కు ఫోన్ చేయండి. గుచ్చుకున్న వస్తువును లాగకండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. ట్యూబు వేశాక సీసాను ఛాతీ కన్నా పైకి ఎత్తకండి. పక్కటెముకలు విరిగినవారిలో రక్తస్రావం కొన్ని రోజుల తర్వాత కూడా మొదలవ్వొచ్చు. ఇంటికొచ్చాక ఆయాసం, ఛాతీనొప్పి పెరిగితే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.